అద్దకం షెడ్డులో వినకూడని సలహాలు

సిరిసిల్లలో లంగాగుడ్డ అద్దే షెడ్డయినా, నగరిలో నూలు అద్దే యూనిటయినా, పనిలో కొత్తగా చేరినవాళ్లకు ముందుగా దొరికే సలహా ఒకటే: "నాలుగు రోజులు దగ్గొస్తుంది, తర్వాత అలవాటైపోతుంది." అన్నిటికంటే ప్రమాదకరమైన సలహా ఇదే. నూలుకు వాడే రియాక్టివ్ రంగులు పోగును గట్టిగా పట్టుకుంటాయి. పీలిస్తే ఒంట్లోని ప్రొటీన్లనూ అలాగే పట్టుకుంటాయి. దాంతో కొందరి ఒంటికి ఆ రంగు పడకుండా పోతుంది. అందుకు వారాలు పట్టవచ్చు, ఏళ్లూ పట్టవచ్చు. ఆ తర్వాత కాస్త పొడి లేచినా చాలు, పిల్లికూతలు, ఆయాసం మొదలవుతాయి. రోజులు గడిచేకొద్దీ ఒళ్లు అలవాటు పడదు, ఇంకా తిరగబడుతుంది.

"రాత్రి వచ్చే దగ్గుకు పగటి పనితో ఏం సంబంధం?" అంటారు. పొడి పీల్చిన కొన్ని గంటల తర్వాత, ఇంటికెళ్లి పడుకున్నాక ఊపిరి బిగుసుకోవడం ఈ రంగులవల్ల వచ్చే ఉబ్బసంలో ఉన్నదే. సెలవుల్లో తగ్గి, పనిలోకి రాగానే తిరగబెడితే రంగునే అనుమానించండి.

"బెల్లం ముక్క నములు, పాలు తాగు, దుమ్ము దిగిపోతుంది." అవి వెళ్లేది పొట్టలోకి, పొడి వెళ్లేది ఊపిరితిత్తుల్లోకి. పాలకు పెట్టే డబ్బుతో యజమాని రంగు తూచే చోట పొడిని లాగేసే ఏర్పాటు చేస్తే ఎంతో మేలు.

"ముక్కుకు తడి తువ్వాలు చాలు" అన్నదీ నమ్మొద్దు. సన్నటి పొడి దాంట్లోంచి దూరిపోతుంది. ఎన్95 మాస్కు ముఖానికి బిగుతుగా అతికితే పొడిని ఆపుతుంది కానీ, వాయువులను ఆపదు.

అసలు జాగ్రత్త తూకం దగ్గరే ఉండాలి. డబ్బాలోంచి తీసిన పొడిని ఎత్తునుంచి బకెట్లో గుమ్మరిస్తారు, పైన ఫ్యాను తిరుగుతుంటుంది. కాసేపటికి చెమట పట్టాక ముంజేతుల మీద రంగు చుక్కలు తేలతాయి. అప్పటిదాకా కంటికి కనపడని పొడి అది. చేతులమీద అంత పడితే ముక్కులోకి పోకుండా ఉంటుందా? తూచేటప్పుడు ఫ్యాను ఆపండి. గరిటెను బకెట్ అడుగుదాకా దించి మెల్లగా వదలండి. కొద్ది నీళ్లతో ముద్దగా కలుపుకోండి. నేల ఊడవకండి, తడిగుడ్డతో తుడవండి.

అయితే "ఏ పొడైనా లేవకుండా నీళ్లు చల్లు" అని హైడ్రోస్ డబ్బా దగ్గర మాత్రం ఎవరూ అనకూడదు. హైడ్రోస్ అంటే సోడియం హైడ్రోసల్ఫైట్. తడి తగిలితే వేడెక్కుతుంది, గొంతు పట్టేసే సల్ఫర్ డయాక్సైడ్ వదులుతుంది, అంటుకోనూవచ్చు. ఆ డబ్బాలో తడి గరిటె పెట్టొద్దు, మూత తెరిచి ఉంచొద్దు.

చివరిగా, "డాక్టరుకు పని సంగతి చెప్పకు, ఉద్యోగం పోతుంది" అనేవాళ్ల మాట. ఆ భయం నాకర్థమవుతుంది. కానీ దాస్తే మామూలు దగ్గుమందు రాసి పంపిస్తారు, మీరు మళ్లీ అదే పొడిలోకి వెళ్తారు. రంగు డబ్బా మీది లేబుల్ ఫొటో తీసుకెళ్లి చూపించండి. పనివల్ల వచ్చే ఉబ్బసం ఈఎస్ఐ గుర్తించే వృత్తి వ్యాధుల జాబితాలో ఉంది. కార్డు ఉంటే ఆ సంగతి అడగండి. పొడికి ఎంత త్వరగా దూరమైతే ఊపిరి కుదుటపడే అవకాశం అంత ఎక్కువ. అందుకే తూకం పనినుంచి వేరే పనికి మార్చమని మేస్త్రీని అడగండి.