పక్క మద్దెల తోలు

ఆడలేనివాడు మద్దెల ఓడనడం పాతకాలపు సామెత. ఈ కాలపు గోల్ఫరు అంతటితో ఊరుకోడు. బాగా మోగుతున్న పక్క మద్దెల తోలు ఊడదీసి, మోగని దానికి బిగిస్తాడు.

అమెరికా గరాజుల్లో శని ఆదివారాలు జరిగే తంతు ఇదే. ఫైవ్ ఉడ్ అనే క్లబ్బుతో కొడితే బంతి చక్కగా లేస్తుంది. త్రీ ఉడ్‌తో కొడితే నేల విడవదు. దీన్నుంచి గరాజు మేధావి లాగే సిద్ధాంతం ఏమిటంటే, మహిమంతా ఫైవ్ ఉడ్ షాఫ్టుదే, అంటే దాని కర్రదేనట! దాన్ని పీకి త్రీ ఉడ్ తలకి అతికిస్తే త్రీ ఉడ్ దూరం, ఫైవ్ ఉడ్ బుద్ధి ఒకే క్లబ్బులో దొరుకుతాయట!

క్లబ్బు తల మీదే ఒక అంకె ఉంటుంది. అయ్యగారు దాన్ని మాత్రం చూడరు. త్రీ ఉడ్ లాఫ్ట్, అంటే తల ముఖం వాలు, దాదాపు 15 డిగ్రీలు, ఫైవ్ ఉడ్‌ది 18 లేదా 19. బంతిని లేపుతున్నది ఆ మూడు నాలుగు డిగ్రీలే. కానీ డిగ్రీలను ఊడదీసి అతికించే జిగురు బజార్లో లేదు. షాఫ్టుకైతే ఎపాక్సీ ఉంది. అందుకే నేరం షాఫ్టు మీద పడింది.

ఇక పని మొదలు. తలలో షాఫ్టు దూరే హోసెల్‌ను హీట్ గన్‌తో కాల్చి షాఫ్టు లాగాలి. వేడి మించితే గ్రాఫైట్ పొరలను పట్టి ఉంచే రెజిన్ పాడవుతుంది. తొందరపడి మెలిపెడితే పొరలే చీలతాయి. ఈ గండాలన్నీ గడిచి బయటపడ్డ ఫైవ్ ఉడ్ షాఫ్టు, త్రీ ఉడ్ షాఫ్టుకంటే దాదాపు అరంగుళం పొట్టి. తలలోకి దూరే కొస, అంటే టిప్ వైపు కూడా మామూలుగా ఇంకో అరంగుళం ఎక్కువ కోసి ఉంటారు కాబట్టి బిరుసూ ఎక్కువే. అది ఎక్కగానే త్రీ ఉడ్ స్వింగ్‌వెయిట్, అంటే ఊపులో చేతికి తెలిసే తల బరువు, సుమారు మూడు పాయింట్లు పడిపోతుంది. తల ఉందో లేదో చేతికి తెలియదు. పాయింటుకు రెండు గ్రాముల లెక్కన ఆరు గ్రాముల సీసపు టేపు అంటించాలి. ఎంతో భక్తిగా అంటిస్తాడు.

అటు ఫైవ్ ఉడ్‌కి పొడుగు షాఫ్టు మిగిలింది. దాన్ని కోయాలి. ఎటువైపు? టిప్ వైపు కోస్తే బిరుసెక్కుతుంది. చేత్తో పట్టుకునే బట్ వైపు కోస్తే పొట్టిదవుతుంది గాని బిరుసు పెద్దగా మారదు. ఈ తేడా మనవాడికి రంపం ఆగాక తెలుస్తుంది. టిప్ వైపు పోయిన అరంగుళాన్ని ఏ ఎపాక్సీ తిరిగి తేలేదు. పొద్దున ఒక్క క్లబ్బే మొండికేసింది. సాయంత్రానికి రెండూ మాట వినడం మానేశాయి.

ఇప్పటి క్లబ్బుల్లో చాలావాటికి షాఫ్టును తలకి బిగించే స్లీవ్ ఉంటుంది కదా అంటారా? ఉంటుంది. రెంచితో స్క్రూ తిప్పితే షాఫ్టు వస్తుంది, నచ్చకపోతే నిమిషంలో మళ్లీ బిగించుకోవచ్చు. కానీ వెనక్కి తీసుకోగలిగిన ప్రయోగంలో పాండిత్యం చూపించడానికి చోటేదీ?

పనిముట్లకు మార్పులు చేయడమే తప్పని ఎవరూ అనరు. గోల్ఫ్ దిగ్గజం జీన్ సారజెన్ 1930ల మొదట్లో క్లబ్బు అడుగున లోహం అతికించి నేటి శాండ్ వెడ్జికి రూపమిచ్చాడు. అంచు ఇసుకలో దిగబడుతోందని ముందు కనిపెట్టి, సరిగ్గా అక్కడే చెయ్యి పెట్టాడు. ఆ కాలపు మరో మేటి ఆటగాడు బాబీ జోన్స్ అయితే స్టీలు షాఫ్టులకు అనుమతి వచ్చాక కూడా హికరీ కర్రలతోనే 1930లో నాలుగు పెద్ద టైటిళ్లూ గెలిచాడు. తప్పెక్కడుందో తెలిసినవాడు ఉన్నచోటే కోస్తాడు, లేకపోతే అసలు కోయడు.

కాబట్టి రంపం కొనబోయేవాళ్లకు పైసా ఖర్చులేని సలహా ఒకటి. త్రీ ఉడ్‌ని ఇంట్లో వదిలేసి, హాయిగా ఫైవ్ ఉడ్ కొట్టుకోండి. నియమావళి 14 క్లబ్బులకు మించి మోయొద్దని మాత్రమే అంటుంది. పదమూడు మోసినవాడికి జరిమానా లేదు.