పంపేవారే... వినేవారేరీ?

‘నాకు ప్రాణమైన పాటలు, తప్పక వినండి’ అంటూ ఓ పెద్దమనిషి వాట్సాప్‌లో లింకు వదిలారు. తెరిస్తే నాలుగొందల పాటలు! మొదట త్యాగరాజ పంచరత్నాలు, ఆ కింద బీథోవెన్, నడుమ గజళ్లు, జాజ్, ఒగ్గుకథ. తీరా ఆయన కారెక్కితే మోగేది మాత్రం ఐటమ్ సాంగే!

అదే 1980ల్లో అయితే రికార్డింగ్ సెంటర్‌కు చీటీ రాసిచ్చి క్యాసెట్‌లో పాటలు ఎక్కించుకునేవారు. తొంభై నిమిషాల క్యాసెట్టంటే ఒక్కో వైపు 45 నిమిషాలే. లెక్క తప్పితే ఆఖరి పాట రెండో చరణంలోనే టేపు టక్కున ఆగేది. అందుకే ఘంటసాలను ఉంచాలా, ఇళయరాజాను ఎక్కించాలా అని ఇంట్లో పంచాయితీ నడిచేది. ఒక పాట కావాలంటే ఇంకొకటి వదులుకోవాల్సిందే. అభిరుచి తేలేది అక్కడే.

ఇప్పుడు జాగాకు కరవు లేదు, కరవంతా చెవులకే. ఆయన లిస్టుకు మనం బొటనవేలు చూపిస్తాం, మన లిస్టుకు ఆయన దండం పెడతారు. ఇద్దరమూ వినేది మాత్రం లేదు. అయ్యా, సర్వసంగీత ప్రియులూ! మాకు పంపే ముందు ఆ లిస్టు మీరొక్కసారి పూర్తిగా వినండి. విన్నాక నచ్చి మిగిలిన పది పాటలే పంపండి, తప్పక వింటాం!