ఒక స్కోరు పంక్తికి టీకా తాత్పర్యము

మూలము: ఏర్స్ — షాట్లు 10, ఆపినవి 8, విడిచినవి 2, కాలము 28:41, శాతము .800.

అవతారిక: 2020 ఫిబ్రవరి 22వ తేదీ రాత్రి, టొరంటో నగరమున మేపుల్ లీఫ్స్ జట్టుతో ఐస్ హాకీ ఆడుచున్న కారొలైనా హరికేన్స్ వారి గోల్‌కీపర్లిరువురును ఒకరి వెనుక నొకరు గాయపడి వెడలిపోగా, ఇట్టి ఆపద ఏ జట్టుకు వాటిల్లినను ఆదుకొనుటకై నియమానుసారము ఆ భవనముననే వేచియుండిన 42 ఏండ్ల డేవిడ్ ఏర్స్, వృత్తిచే ఒక క్రీడామందిరమున మంచును చదునుచేయు యంత్రమును నడపువాడయ్యును, కవచములు తొడిగికొని గోలు ముంగిట నిలిచెను. ఆ నిలుచుటకు మిగిలిన లిఖితసాక్ష్యము పై పంక్తియే.

టీక: ‘.800’ — ఇచ్చట పూర్వపక్షి లేచి, నూటికి తొంబదియైనను ఆపనివానిని శిక్షకుడు బల్లపై కూర్చుండబెట్టు ఈ యాటలో, ఎనుబదితో సరిపుచ్చినవానిని శ్లాఘించుట యెట్లని ఆక్షేపించును. ఆక్షేపణ గణితరీత్యా నిర్దుష్టము. అయినను ‘8’, ‘2’ అను పదములకు క్రమాన్వయము చేసికొనవలెను: విడిచిన రెండును తనపైకి వచ్చిన మొదటి రెండు షాట్లే, పిమ్మటి ఎనిమిదింటిలో ఒక్కటియు లోనికి పోలేదు. శాతమునకు ముందువెనుకలు తెలియవు. వేలకొలది ప్రత్యర్థి జనము కేకలు వేయుచుండగా, వచ్చినది వచ్చినట్లే గోలైన తరువాత, మూడవదానికి చేయి వణకకుండుటయే ఇందు విచార్యము.

‘28:41’ — వ్యాఖ్యాతలు సాధారణముగా దాటవేయు పదము. నా మతమున గుట్టంతయు నిందే యున్నది. అంతసేపటిలో పది షాట్లే వచ్చుట గోల్‌కీపరు మహిమ కాదు. కడపటి పీరియడ్‌లో ఏడింటికి మించి రానీయక అడ్డుపడిన రక్షకుల చెమట ఈ పంక్తిలో వారి పేరులేకయే ఇంకియున్నది. ఏర్స్‌ను ఆకాశమునకెత్తువారు వీరిని తలపకపోవుట నాకు రుచింపదు. (టొరంటోవారి సాధనలలో గోలు కాచి, వారి కొట్టుడు తీరు ముందే ఎరిగినవాడను వారును కలరు. ఎరిగియు మొదటి రెండింటిని విడిచెనేల యని అడుగుట మర్యాద కాదు.)

తాత్పర్యము: అతడు వచ్చునప్పటికి కారొలైనా 3-1తో ముందుండెను, ముగియునప్పటికి 6-3తో గెలిచెను. బదులు నిలిచినవానిని అడుగవలసినది, అప్పగించిన ఆధిక్యమును చెడకుండ తిరిగి యిచ్చితివా యను ప్రశ్నయే కాని, ప్రధానునివలె ఆడితివా యనునది కాదు.

విశేషము: పూర్వోదాహరణమొకటి కలదు. 1928 ఏప్రిల్ 7న స్టాన్లీ కప్ తుదిపోరులోని రెండవ ఆటలో న్యూయార్క్ రేంజర్స్ గోల్‌కీపరు లోర్న్ షాబో కంటికి దెబ్బ తగులగా, 44 ఏండ్ల శిక్షకుడు లెస్టర్ ప్యాట్రిక్ తానే గోలు కాచి, మాంట్రియల్ మరూన్స్‌కు ఒక్క గోలు మాత్రమే యిచ్చి, అదనపు కాలములో 2-1తో జట్టును గెలిపించెను. తరువాతి యాటకు రేంజర్స్ వారు జో మిల్లరను వేరొక గోల్‌కీపరును తెచ్చుకొనిరి.