చెట్టు కొట్టుడు అనుమతి పత్రము: గొడ్డలిపెట్టు వ్యాఖ్యా సహితము

మూలము

తమరి దరఖాస్తును పురస్కరించుకొని, సదరు వృక్షము ప్రమాదకర స్థితిలో ఉన్నట్లు క్షేత్ర పరిశీలనలో తేలినందున, దానిని తొలగించుటకు ఇందుమూలముగా అనుమతి ఇవ్వడమైనది. బదులుగా దరఖాస్తుదారు మొక్కలు నాటి సంరక్షించవలెను.

అవతారిక

ఈ గద్య ఖండిక జన్మస్థలం హైదరాబాదు. కర్త ఎవరో తెలియదు, డిజిటల్ సంతకం మాత్రం ఉంది. ఇదే పాఠం వేర్వేరు పేర్లతో, వేర్వేరు తేదీలతో కనబడుతుంది కనుక ఒక్కరు రాసింది కాదనీ, బల్లల మీద పరంపరగా వస్తున్నదనీ వ్యాఖ్యాత అభిప్రాయం. కాలనిర్ణయంలో పేచీ లేదు. నీటికి, భూమికి, చెట్టుకు కలిపి ఉమ్మడి రాష్ట్రం 2002లో చేసిన వాల్టా చట్టం తరువాతిదే. ఆ చట్టం ప్రకారం మన పెరట్లో మన తాత నాటిన వేపనైనా అడక్కుండా కొట్టరాదు. సుబాబుల్, నీలగిరి, సరుగుడు లాంటి కొన్నిటికే మినహాయింపు. అనుమతి ఇచ్చేది అటవీశాఖ. రోడ్డు మీది చెట్టు బాగోగులు బల్దియావి. వానాకాలం ముందు తీగల కింద కొమ్మలు నరికేది కరెంటువాళ్లు. ఉమ్మడి కుటుంబంలో ముసలాయన మంచంలాగా, నగరంలో చెట్టును జరిపే హక్కు అందరికీ ఉంది, నీళ్లిచ్చే వంతు మాత్రం ఎవరిదో తేలదు.

నాయకుడు చెట్టు. ప్రతినాయకుడు ప్రహరీ గోడ. కొన్ని ప్రతులలో కారు పార్కింగ్.

ప్రతిపదార్థము

తమరి దరఖాస్తును పురస్కరించుకొని = మీరు పెట్టుకున్న అర్జీని ముందు పెట్టుకొని. ఈ అర్జీ అన్యాపదేశ కావ్యం. లోపల ఒకటుంచుకొని పైకి ఇంకొకటి పాడుతుంది. లోపలున్నవి: రాలిన ఆకులు ఊడ్చలేక నడుము పడిపోతోంది, కాకులు కొత్త కారు మీద రెట్ట వేస్తున్నాయి, షాపు బోర్డు రోడ్డుకు కనబడటం లేదు, వాస్తు సిద్ధాంతి ఈశాన్యంలో బరువు పనికిరాదన్నాడు. ఇవేవీ చట్టం ముందు చెల్లవు. మన నగరాల చెట్ల చట్టాలు ఒప్పుకునే కారణాలు ఇంచుమించు ఒకటే: చెట్టు ఎండిపోయి ఉండాలి, తెగులు పట్టి ఉండాలి, ప్రాణానికో ఆస్తికో ముప్పు కావాలి, దారికి అడ్డం కావాలి. కనుక కాకి రెట్ట కాగితం మీదికి వచ్చేసరికి ప్రాణభయమవుతుంది.

సదరు వృక్షము = ఆ చెట్టు. అర్జీలో చెట్టు, ఫైలులో వృక్షము, కొట్టిన మర్నాడు కలప. జాతి, ఎత్తు, చుట్టుకొలత ఇక్కడ చేరతాయి. చుట్టుకొలతను రొమ్ము ఎత్తున, అంటే నేల నుంచి 1.37 మీటర్ల దగ్గర తియ్యాలి. ఎవరి రొమ్ము స్వామీ అని శిష్యుడు అడిగితే, మన దేశంలో ఎవరిదైనా అంతే నాయనా, ఐరోపావారిది 1.3 దగ్గర ఉంటుంది అని గురువు జవాబు.

ప్రమాదకర స్థితిలో ఉన్నట్లు = పడిపోయేలా ఉన్నట్టు. ఖండిక అంతటికీ ఆయువుపట్టు ఇదే.

ఇక్కడ శంక. నలభై ఏళ్ల గాలివానలకు నిలబడ్డ చెట్టు, పక్క స్థలంలో అపార్ట్‌మెంటు లేవబోయే ఏడాదే ఎందుకు ప్రమాదకరమైంది? సమాధానం: చేస్తే అయింది. తెలియక చేసేది సిమెంటు. ఫుట్‌పాత్ వేసే మేస్త్రీ మొదలు దాకా కాంక్రీటు పోసి నున్నగా తాపీ తిప్పుతాడు. వేరుకు నీరూ గాలీ అందవు. చెట్టు చుట్టూ ఒక మీటరు మేర కాంక్రీటు తీసెయ్యమని 2013లోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీలో ఆదేశించింది. ఆ ప్రతి మన మేస్త్రీకి ఇంకా అందినట్టు లేదు. సగం తెలిసి చేసేది తవ్వకం. డ్రైనేజీకో కేబుల్‌కో కందకం తీస్తూ ఒక పక్క వేళ్లన్నీ తెంపేస్తారు. చెట్టును ఆ వైపు నుంచి లాగి పట్టుకున్నవి అవే; జూన్ గాలికి అది రెండో వైపు ఒరుగుతుంది.

పూర్తిగా తెలిసి చేసేదానికి నైపుణ్యం కావాలి. మాను చుట్టూ జానెడు వెడల్పున బెరడు ఒలిచేస్తారు. ఆకు వండిన అన్నం బెరడు లోపలి పొరలోంచే వేళ్లకు దిగాలి. ఆ దారి తెగితే వేళ్లు ఆకలితో మాడిపోతాయి. పైకి నీరెక్కే దారి లోపలి చేవ పక్కన వేరుగా ఉంది కాబట్టి ఆకులు మాత్రం కొంతకాలం పచ్చగానే ఉండి, ఏమీ జరగలేదని సాక్ష్యం చెబుతాయి. పూర్తిగా ఎండాక అర్జీ పెడితే అందులో అబద్ధం ఒక్కటీ ఉండదు. ఎండిన చెట్టుకు అనుమతి సులువు అన్న నియమం, ఎండబెట్టడానికి ఇచ్చిన సలహాలాగా పనిచేస్తోంది. ఎండిందా అని అడిగే ఫారంలో ఎందుకు ఎండింది అనే గడి కూడా ఉండాలని వ్యాఖ్యాత పట్టు.

క్షేత్ర పరిశీలనలో = చెట్టు దగ్గరికి పోయి చూడటంలో. చూడవలసినవి ఇవి: ఒరిగిన వైపుకు ఎదురుగా నేల బీటలిచ్చిందా? మొదట్లో పుట్టగొడుగులు లేచాయా? సుత్తితో తడితే ఎక్కడ డొల్లగా మోగుతోంది? డొల్ల ఉన్నంత మాత్రాన చెట్టు పడదు. నడిమి చేవ ఎలాగూ చచ్చిన కలపే. ప్రాణం చుట్టూ ఉన్న పొరలలో ఉంటుంది, అవి మందంగా ఉంటే చెట్టు నిలుస్తుంది. రెండు కొమ్మలు తగ్గిస్తే ముప్పు తీరుతుందా అన్నది అన్నిటికన్నా ముందు వెయ్యవలసిన ప్రశ్న. ఇన్ని చెయ్యకపోయినా ఒక ఫోటో తీస్తారు. దానిలో చెట్టుకన్నా ముందు దరఖాస్తుదారు నిలబడి ఉంటాడు.

తేలినందున = బయటపడినందున. ‘తేల్చినందున’ అని పాఠాంతరం. రెండోదే సాధువని పెద్దలంటారు.

తొలగించుటకు = తీసివేయడానికి. తీసివేత అంటే నరకడమే కానక్కర్లేదు. కొమ్మలు కత్తిరించి, వేళ్లను మట్టిగడ్డతో సహా పెకలించి, క్రేను మీద ఊరేగించి ఇంకోచోట నాటడమూ ఉంది. మర్రి, రావి కుటుంబం ఈ యాత్రను బాగా తట్టుకుంటుంది. లోతుకు తల్లివేరు దింపిన చెట్లకు కష్టం. ఇంకో అర్థం చేవెళ్ల దారిలో దొరుకుతుంది. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల బీజాపూర్ రోడ్డును వెడల్పు చెయ్యబోతే, అటూ ఇటూ తొమ్మిది వందలకు పైగా మర్రిమానులు అడ్డం వచ్చాయి. ఏళ్ల తరబడి హరిత ట్రిబ్యునల్‌లో వాదాలు నడిచాక, చాలా మానులు ఉన్నచోటనే ఉండేలా రోడ్డు గీత మార్చుకోవడానికి 2025లో ఒప్పుకున్నారు. అక్కడ తొలగినది రోడ్డు. ఈ అర్థాన్ని నిఘంటువులలో చేర్చుకోవలెను.

ఇందుమూలముగా = దీని ద్వారా. మూలమనగా వేరు కూడా. శ్లేష స్పష్టం.

అనుమతి ఇవ్వడమైనది = ఇచ్చారు. ఎవరు? వాక్యంలో కర్త లేడు. రేపు కోర్టుకు పోతే అక్కడ కూడా ఉండడు.

బదులుగా దరఖాస్తుదారు మొక్కలు నాటి సంరక్షించవలెను = దాని స్థానంలో మొక్కలు పెట్టి పెంచాలి. ఇక్కడ మతభేదాలున్నాయి. ఢిల్లీ సంప్రదాయంలో చెట్టుకు పది మొక్కలు. 2020 నాటి వారి మార్పిడి విధానంలో ఇంకొంచెం పట్టింపు ఉంది: ప్రాజెక్టుకు అడ్డం వచ్చిన చెట్లలో కనీసం 80 శాతాన్ని వేరేచోటికి మార్చాలి, ఏడాది తర్వాత వాటిలో 80 శాతం బతికి ఉండాలి. మహారాష్ట్ర సంప్రదాయం 2021 సవరణతో వయసును పట్టుకుంది. చెట్టు వయసెంతో అన్ని మొక్కలు, యాభై దాటితే వారసత్వ వృక్షమనే బిరుదు. వ్యాఖ్యాతకు ఈ రెండోది నచ్చింది, కనీసం చెట్టుకు ఒక వయసుందని ఒప్పుకుంటుంది. మన ఖండికలో ‘మొక్కలు’ అని బహువచనం మాత్రమే ఉంది. ఎన్ని, ఏవి, ఎక్కడ, ఎప్పటిలోగా అన్నవి పాఠకుల ఊహకు వదిలారు. ఏవి అన్నది చిన్న సంగతి కాదు. నీళ్లడగకుండా ఏపుగా లేస్తుందని హరితహారం మొక్కల పథకం రోజుల్లో డివైడర్ల నిండా కోనోకార్పస్ పెట్టారు. తరువాత అలర్జీలంటూ దాన్ని పెంచొద్దన్నారు. ఎక్కడ అన్నది ఇంకా పెద్ద సంగతి: చెట్టున్న చోట ఇప్పుడు సెల్లార్‌కు దిగే వాలు ఉంటుంది.

తాత్పర్యము

కొట్టెయ్యండి. వీలైతే ఏదైనా పెట్టండి.

విశేషములు

1. అనుమతి అడగనివారి కథ. 2021 ఫిబ్రవరిలో సైదాబాదులో నలభై ఏళ్లు దాటిన వేపను ఇల్లు కట్టుకోవడానికి రాత్రికి రాత్రే కొట్టించారు. ఎనిమిదో తరగతి కుర్రాడొకడు అటవీశాఖ టోల్‌ఫ్రీ నంబరుకు ఫోను చేశాడు. అధికారులు వచ్చి మొదలు కొలిచి 62,075 రూపాయలు జరిమానా వేశారు. దాదాపు అవే రోజుల్లో సుప్రీంకోర్టు నియమించిన సంఘం లెక్క ఒకటి బయటికి వచ్చింది. చెట్టు విలువ ఏడాదికి 74,500 రూపాయలట, అందులో ఆక్సిజన్ వాటాయే 45,000. ఆ లెక్కన నలభై ఏళ్లకు సైదాబాదు వేప 29 లక్షల 80 వేలు చేస్తుంది. కట్టిన జరిమానా ఒక్క ఏడాది నీడకు కూడా చాలదు. అయినా జరిమానా పడినందుకు కుర్రాణ్ని మెచ్చుకున్నారు, మెచ్చుకోవలసిందే.

2. మొదటి వాక్యంలో క్షేత్ర పరిశీలన ఉంది. రెండో వాక్యంలో లేదు. నాటారా, బతికాయా అని చూడటానికి పోయిన దాఖలా ఈ ఖండికకు అనుబంధంగా ఉండాలి. వ్యాఖ్యాత చూసిన ప్రతులలో ఆ పుట లేదు. చెదలు తిన్నాయా, అసలు రాయలేదా అన్నది పరిశోధకులు తేల్చాలి. తాళపత్ర గ్రంథాలయాలకు పోనక్కర్లేదు. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల పోస్టల్ ఆర్డరు జతచేసి, మొక్కలు నాటిన చోటు, తేదీ, ఏడాది తర్వాత మిగిలినవాటి సంఖ్య, చూసివచ్చిన అధికారి నివేదిక నకలు అడగాలి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ‘సదరు సమాచారము ఈ కార్యాలయమున లభ్యము కాదు’ అని వస్తే, అది వేరే ఖండిక. దానికి వ్యాఖ్య తదుపరి సంపుటంలో.