బావ బోర్డుకు టీకా

మూలం: శ్రీ సూర్య ప్రాణశక్తి రేకీ హీలింగ్ సెంటర్, గొలుగొండ.

అవతారిక: మా బావ రిటైరయ్యాక రేకీ నేర్చుకున్నాడు. వీధిగది ఖాళీ చేయించి ఒక మంచం, ఒక ఫ్యాను వేయించాడు. కరెంటు బిల్లు వెనక పై పంక్తి రాసుకుని నా దగ్గరికొచ్చి, "నర్సీపట్నంలో ఫ్లెక్సీకి ఇచ్చెయ్యాల. నువ్వు తెలుగు చదువుకున్నోడివి, దీని అర్థం ఏటో ఓసారి చెప్పు" అన్నాడు. అడిగిన పాపానికి ఈ వ్యాఖ్య.

శ్రీ: సంపద. మంగళార్థకం. కావ్యాదిని కవులూ, చిట్టాపుస్తకం మొదటి పేజీలో షావుకార్లూ దీన్ని రాస్తారు. బావ ఏ సంప్రదాయంలో రాశాడో గది అద్దె లెక్క చూస్తే తెలుస్తుంది.

సూర్య: ఆరోగ్యం అడగవలసింది సూర్యుణ్ణే అని పెద్దల మాట. అరసవల్లి వెళ్లేవాళ్లు అడిగేదీ అదే. అక్కడ అభ్యంతరం లేదు. అభ్యంతరం ఛందస్సులో ఉంది. కావ్యంలో తొలి గణాన్ని బట్టి కర్తకు మంచీచెడూ ఉంటాయని లాక్షణికులు నమ్మారు. "శ్రీసూర్యప్రాణశక్తి" అని కలిపి సమాసంగా రాస్తే, "ప్రా" సంయుక్తాక్షరం గనక దాని ముందున్న "ర్య" గురువవుతుంది. మూడు గురువులు, మగణం. అధిదేవత భూమి, ఫలం సంపద. అదే "సూర్య" తర్వాత చోటు వదిలి విడిపదంగా రాస్తే "ర్య" లఘువుగానే ఉండిపోతుంది. అది తగణం. అధిదేవత ఆకాశం, ఫలం శూన్యం. అంటే బావ గల్లాపెట్టె యోగం ఫ్లెక్సీ కుర్రాడు స్పేస్ బార్ నొక్కడం మీద ఆధారపడి ఉంది. ఈ సంగతి రెండుసార్లు చెప్పాను.

ప్రాణశక్తి: ప్రాణం, అపానం, వ్యానం, ఉదానం, సమానం అని మనవాళ్లు ఐదుగా విడదీసి వదిలేసిన మాట. చైనా మూలాలున్న ఫిలిప్పీన్స్ వాసి చోవా కోక్ సూయీ 1987లో పుస్తకం రాస్తూ తన విద్యకు ప్రాణిక్ హీలింగ్ అని పేరు పెట్టుకున్నాడు. మనీలా మనిషికి సంస్కృతం కావలసివచ్చింది. గొలుగొండ మనిషికేమో జపాను భాష కావలసివచ్చింది. పొరుగింటి పుల్లకూర సామెతకు ఇంతకన్నా పెద్ద వ్యాఖ్య అక్కర్లేదు.

రేకీ: దేశ్యం కాదు, తద్భవమూ కాదు, జపనీయం. "రే" అంటే దివ్యం, "కీ" అంటే జీవశక్తి. 1922లో టోక్యోలో ఉసుయి మికావో దీన్ని నేర్పడం మొదలుపెట్టాడు. "కీ"కి వాడే పాత లిపిలో కింద బియ్యపు గుర్తు, పైన ఆవిరి ఉంటాయి. ఉడుకుతున్న అన్నం మీది పొగే ప్రాణమని ఆ గీతల అర్థం. తైత్తిరీయం కూడా అన్నమయం చెప్పాకే ప్రాణమయం చెప్పింది. ఈ ముక్క విని మా అక్క, "అయితే ముందు తిని చావండి" అని కంచాలు పెట్టింది. శాస్త్రసమ్మతమే.

పాఠాంతరం: రెక్కీ. ఏజెన్సీ అంచున ఉన్న మండలంలో ఈ అచ్చుతప్పు పడితే వచ్చేది రోగులు కారు, పోలీసులు.

హీలింగ్: వైద్యం అనలేదు, చికిత్స అనలేదు. ఇది బావ వినయం కాదు, 1954 నాటి చట్టం భయం. మధుమేహం, కేన్సర్, రక్తపోటు లాంటివాటిని నయం చేస్తామని ప్రకటిస్తే ఆ చట్టం ఊరుకోదు. "హీలింగ్" అంటే ఏ రోగమో చెప్పక్కర్లేదు, కుదిరిందో లేదో కూడా చెప్పక్కర్లేదు. గుండెలో నొప్పి అని ఎవరైనా వస్తే చెయ్యి పెట్టకుండా నర్సీపట్నం ఏరియా ఆస్పత్రికి ఆటో ఎక్కిస్తానని బావ చేత ఒట్టు వేయించుకున్నాను.

సెంటర్: స్పష్టం.

విశేషాంశం: పేరే మందుగా పనిచేస్తుందన్న నమ్మకం తెలుగువాళ్లకు కొత్త కాదు. కుంభకోణంలో ఉండి 1910లో తన యోగం మొదలుపెట్టిన మాస్టర్ సి.వి.వి. తన ఇంగ్లీషు పొడి అక్షరాలనే ప్రార్థనగా ఇచ్చారు. 1971లో విశాఖలో వరల్డ్ టీచర్ ట్రస్టు పెట్టిన ఎక్కిరాల కృష్ణమాచార్య గారి వల్ల ఆ మూడక్షరాలు మన జిల్లాల్లో ఇంటింటా తెలిశాయి. అక్కడ అర్థంతో పని లేదు, పిలుపుతోనే పని. బావ పేరులో ఆ ధైర్యం లేదు. ఒక్క మాట చాలక ఆరు మాటలు పేర్చుకున్నాడు.

అధ్యాహారం: అన్ని మాటలున్నా అసలు మాట లేదు. రేకీలో జరిగేది చెయ్యి పెట్టడం. దానికి తెలుగులో ఎప్పటినుంచో హస్తవాసి అన్న మాట ఉంది. మండలంలోనే కృష్ణదేవిపేటలో సమాధి అయిన అల్లూరి సీతారామరాజు, 1922 ఆగస్టులో అక్కడి పోలీసు స్టేషను మీద పడకముందు, మన్యంలో మందూ మాకూ ఎరిగిన సన్యాసిగా పేరు తెచ్చుకున్నవాడే. గుమ్మానికి ఏ బోర్డూ కట్టలేదు. హస్తవాసితో చిక్కు అదే. ఆ మాట రోగి అనాలి గాని వైద్యుడు ఫ్లెక్సీ మీద వేసుకోకూడదు.

తాత్పర్యం: గొలుగొండలో వీధిగది అద్దెకు లేదు.

ఫ్లెక్సీ నిన్న వచ్చింది. పొడవు ఎనిమిది అడుగులు. "సూర్య"కూ "ప్రాణ"కూ మధ్య నాలుగు వేళ్ల చోటు వదిలారు.