చిక్కిపోయిన జాకెట్ ఆత్మకథ

నా పేరు జాకెట్. తెలుగిళ్లలో ఈ మాటకు వేరే అర్థం ఉందని విన్నాను. నవ్వుకుంటే నవ్వుకోండి, నాకేం చిన్నతనం లేదు. నేనూ ఒక ఒంటిని అంటిపెట్టుకుని బతకడానికి పుట్టినదాన్నే. కాకపోతే ఆ ఒళ్లు మనిషిది కాదు, అరచేతిలో ఇమిడే కంప్యూటరుది. కంపెనీ పెట్టిన అసలు పేరు ‘ఎక్స్‌పాన్షన్ ప్యాక్’. ఆ పేరు అట్టపెట్టెతోపాటే చెత్తబుట్టలోకి పోయింది.

ప్రస్తుతం నా నివాసం అమెరికాలో, బోస్టన్ శివారున ఒక ఇంటి బేస్‌మెంటులో, బల్లసొరుగు. పక్కన దేనివో తెలియని ఛార్జర్లు మూడు, తెగిన ఇయర్‌ఫోన్లు ఒక జత, మూతలేని పెన్ను ఒకటి. నా వీపు మీద సగం ఊడిన నల్లటేపు. చూసినవాళ్లు కంపెనీ సరుకనుకోరు, ఎవరో కొరికి వదిలేసిన ముక్క అనుకుంటారు. ఒకరకంగా నిజమే. కొరికింది నా యజమానే.

ముందు మా దొరవారి సంగతి చెప్పాలి. 2000లో కాంపాక్ కంపెనీ ఐప్యాక్ అనే చేతి కంప్యూటరును బజారులోకి తెచ్చింది. వెండిరంగు ఒళ్లు, రంగుల తెర, 206 మెగాహెర్ట్జ్ వేగంతో నడిచే ఇంటెల్ స్ట్రాంగ్‌ఆర్మ్ ప్రాసెసర్. బెంగళూరులో రూపుదిద్దుకున్న సింప్యూటర్ అనే చేతి కంప్యూటరుకూ అదే బుర్ర. మా దొరవారికి జ్ఞాపకశక్తి 32 మెగాబైట్లు. ఇప్పటి ఫోనులో పదిపదిహేను ఫోటోలకు చాలదు గానీ, అప్పట్లో అదే గొప్ప. అయితే అంత సోకు చేసిన ఒంటికి ఒక్క మెమరీ కార్డు పెట్టుకునే చీలికైనా లేదు. అది మరచిపోయి చేసిన పని కాదు. ఏమీ అక్కర్లేనివాళ్లు దొరవారిని సన్నగా జేబులో వేసుకోవచ్చు. అదనంగా ఏదైనా కావాలనుకున్నవాళ్లు వెనకనుంచి ఒక జాకెట్ తొడగాలి. అదీ ఏర్పాటు.

మా వంశం పెద్దదే. ల్యాప్‌టాపుల్లో పెట్టే పెద్ద కార్డులను మోసేది పెద్దన్న. వాడి కడుపులో సొంత బ్యాటరీ కూడా ఉండేది. కేంబ్రిడ్జ్‌లోని కాంపాక్ పరిశోధనశాలలో తయారైన మరొకడికి కెమెరా, ఒంటి కదలికను పసిగట్టే సెన్సారు ఉండేవి. వాడు చదువుకున్నవాడు, మాతో కలిసేవాడు కాదు. హ్యాండ్‌స్ప్రింగ్ వారి వైజర్ అనే యంత్రానికి కూడా వీపులో ఒక గూడు ఉండేది. ఆ గూట్లో ఫోను పెడితే ఫోను, కెమెరా పెడితే కెమెరా. వాళ్లు మాకు దాయాదులు. నేను మాత్రం ఇంట్లో చిన్నదాన్ని. కాంపాక్ట్‌ఫ్లాష్ కార్డు ఒక్కటే మోయగలను. 1994లో శాన్‌డిస్క్ కంపెనీ కనిపెట్టిన ఆ కార్డు ఎలా ఉంటుందంటే, అగ్గిపెట్టెను రోలుకింద పెట్టి చదును చేసినట్టు ఉంటుంది.

నేను పుట్టిన ఫ్యాక్టరీ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. అచ్చులో పోసిన ప్లాస్టిక్, లోపల ఆకుపచ్చ సర్క్యూట్ బోర్డు, పైన కార్డు దూరే నోరు, అందులో సన్నటి సూదుల్లాంటి 50 పిన్నులు. అడుగున దొరవారికి తగిలే 100 కాళ్ల కనెక్టరు. అన్నిటికంటే ముఖ్యమైనది మాత్రం గోరంత కూడా లేని ఒక చిప్పు. నన్ను తొడగగానే దొరవారు చేసే మొదటి పని, ఆ చిప్పును చదవడం. అంటే, “ఎవరు నువ్వు?” అని అడగడం. నేనెవరినో, నాలో ఏముందో ఆ చిప్పు చెబుతుంది. అప్పుడే నాకు కరెంటు, అప్పుడే నాకు పని. ఊరూపేరూ అడగకుండా ఎవరినీ ఇంట్లోకి రానివ్వని కాలం నాటి మర్యాద అది. ఆ ప్రశ్న విన్న ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరించేది.

నా యజమాని నన్ను 2001లో కొన్నాడు. మొదటి నెల అంతా బాగానే గడిచింది. తరువాత మొదలైంది, “లావు” అనే మాట.

లావు నా తప్పా? కార్డు మందం మూడు మిల్లీమీటర్ల పైచిలుకు. కానీ అది కూర్చునేది దొరవారి వీపు వెనక. అంచులు పట్టుకుని నిలబడాలంటే నేను వీపంతా కప్పాలి. పట్టు కావాలంటే మందం కావాలి. అసలు దొరవారే పదహారు మిల్లీమీటర్ల మనిషి. ఇద్దరం కలిసి చొక్కా జేబులో దిగితే జేబు నాభి దాకా వేలాడేది.

“జేబులో ఇటుక పెట్టుకుని తిరుగుతున్నావా?” అంది ఒకరోజు ఆయన భార్య.

ఆ ఒక్క మాట నా తలరాత మార్చేసింది. శనివారం సాయంత్రం వంటింటి బల్ల మీద పాత పేపరు పరిచి నన్ను పడుకోబెట్టాడు. కత్తి మొనతో అంచుల అతుకు విప్పాడు. గిర్రున తిరిగే చిన్న కోతమిషను తెచ్చి నా వీపును అడ్డంగా కోశాడు. కాలిన ప్లాస్టిక్ కంపుకు భార్య కిటికీ తెరిచింది. పక్కలను ఉప్పుకాగితంతో రుద్దాడు. పైన కార్డు నోరు, అడుగున కనెక్టరు, మధ్యలో బోర్డు, రెండు పక్కలా సన్నటి పట్టీలు, ఇంతే మిగిలాను. నా వీపు ఉండాల్సిన చోట ఫైలు అట్ట నుంచి కత్తిరించిన ప్లాస్టిక్ ముక్క అతికించి, దానిమీద నల్లటేపు చుట్టాడు. దర్జీ దగ్గర జాకెట్ టైట్ చేయించడం మీరు చూసే ఉంటారు. అక్కడ కుట్లు లోపలికి వేస్తారు, మళ్లీ లావైతే విప్పుకోవచ్చు. నాకు ఆ వీలు లేదు. కోసిన ముక్కలు పేపరుతోపాటు పోయాయి.

అయినా అబద్ధం చెప్పను. మర్నాడు ఆయన నన్ను ఆఫీసుకు తీసుకెళ్లి అందరికీ చూపించినప్పుడు నాకూ గర్వమే కలిగింది. చేతులు మారుతూ తిరిగాను. “ఎంత సన్నగా చేశావు!” అన్నారు. ఇద్దరు తమ జాకెట్లు కూడా తెచ్చి ఆయన బల్ల మీద పెట్టారు. మా దొరవారి వీపుకు అంటుకుని ఉన్నానో లేనో తెలియనంత సన్నగా ఉన్నాను. సన్నదనం ఒక మత్తు. ఎక్కుతున్నప్పుడు హాయిగానే ఉంటుంది.

నేను చేసిన పెద్ద పని కూడా ఆ రోజుల్లోదే. అమెరికా ప్రభుత్వం అంతవరకు జీపీఎస్ సంకేతాల్లో పౌరులకు వచ్చేవాటికి కావాలనే తప్పు కలిపేది. చూపించిన చోటుకూ ఉన్న చోటుకూ వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. 2000 మే నెలలో ఆ తప్పు కలపడం ఆపేశారు. ఇంకేం, కార్డులాంటి జీపీఎస్ రిసీవర్లు బజారులోకి వచ్చాయి. ఒకటి నా నోట్లో పెట్టాడు. అయితే నాకున్నది ఒకటే నోరు. జీపీఎస్ పెడితే మెమరీ కార్డు తీయాలి. అందుకని బయలుదేరే ముందు దారిలో పడే ఊళ్ల పటాన్ని మాత్రం కత్తిరించి దొరవారి 32 మెగాబైట్లలో కుక్కేవాడు. పటం అంచు దాటితే తెర తెల్లబోయేది. నాకు సొంత బ్యాటరీ లేదు కాబట్టి ఉపగ్రహాలను వెతికే కరెంటంతా దొరవారి నుంచే లాగాలి. ఆయన తెర వెలుగు తగ్గించుకుని మరీ నాకు పెట్టేవారు. అలా ఒక మంచు రాత్రి, పేరు తెలియని సందుల్లోంచి నిండు గర్భిణిని ఆసుపత్రి గుమ్మం దాకా చేర్చాం. మర్నాడు అందరూ డాక్టరును, నర్సులను మెచ్చుకున్నారు. న్యాయమే. నన్ను కారులోనే మరిచిపోయారు. అదీ న్యాయమేనేమో.

కష్టాలు ఆ తరువాత మొదలయ్యాయి. వీపు లేని నాకు పట్టు లేదు. జేబులోంచి తీసినప్పుడు, బల్ల మీద పెట్టినప్పుడు నా కనెక్టరు వెంట్రుకవాసి కదిలేది. దొరవారి దృష్టిలో నేను ఆ క్షణంలో వెళ్లిపోయినట్టే. రాస్తున్న ఫైలు సగంలో ఆగేది, తెర కొయ్యబారేది. “పనికిమాలిన జాకెట్!” అని విసుక్కునేవాడు. కోసింది ఎవరు, కదిలింది ఎందుకు అని ఒక్కసారైనా ఆలోచించలేదు. ఒక పక్క రబ్బరుబ్యాండు వేశాడు. అది చాలక, నన్ను పట్టి ఉంచడానికి బొటనవేలు ఎప్పుడూ ఒకేచోట నొక్కి ఉంచడం అలవాటు చేసుకున్నాడు. టేపు మీద ఆ వేలి గుంట ఇప్పటికీ ఉంది. ఒకసారి తొందరలో కార్డును వంకరగా తోశాడు. నా పిన్నుల్లో ఒకటి వంగింది. గుండుసూదితో దాన్ని నిలబెట్టాడు గానీ, అది మళ్లీ సూటిగా నిలవలేదు.

ఇక్కడ కోసిన మిషను చిన్నది. అసలు కోత బయటి లోకంలో పడుతోంది. 2001లోనే కొత్త ఐప్యాక్‌ల నెత్తిన ఎస్‌డీ కార్డుకు చీలిక పెట్టారు. 2002లో కాంపాక్ హెచ్‌పీలో కలిసిపోయింది. ఆ ఏడాది చివర్లో వచ్చిన హెచ్1910 మందం సుమారు 13 మిల్లీమీటర్లే, దానికి జాకెట్ తొడిగే వీలే లేదు. తరువాత వైఫై లోపలే, బ్లూటూత్ లోపలే, జీపీఎస్ లోపలే. నా యజమాని నన్ను ఎంత కోసినా కొన్ని మిల్లీమీటర్లు మిగిలాను. కంపెనీలు కోస్తే ఏమీ మిగలలేదు. అన్నిటికంటే సన్నటి జాకెట్ ఏదయ్యా అంటే, అసలు లేని జాకెట్.

సన్నటి కొత్త యంత్రం ఇంటికొచ్చిన రోజు దొరవారిని, నన్ను కలిపే సొరుగులో పడేశారు. నా నోట్లోని 64 మెగాబైట్ల మెమరీ కార్డును తీయాలని కూడా ఎవరికీ తోచలేదు. మొదటి కొన్ని రోజులు దొరవారి ఒంట్లో వెచ్చదనం ఉండేది. తరువాత బ్యాటరీ అడుగంటింది. ఆ కాలం యంత్రాలకు అదొక శాపం. రాసుకున్నదంతా ర్యామ్‌లోనే ఉండేది. కరెంటు పూర్తిగా పోతే చిరునామాలు, ఉత్తరాలు, పటాలు, అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. చీకట్లో నా పక్కనే ఆయన ఒక్కొక్కటీ కాదు, అన్నీ ఒక్కసారే మరిచిపోయారు.

పదహారు, పదిహేడేళ్లు గడిచాక ఒకరోజు సొరుగు తెరుచుకుంది. కుర్రపిల్ల గొంతు.

“నాన్నా, ఏమిటిది? ఫోను కవరా?”

ఫోను కవరు! వంద కాళ్లు, యాభై పిన్నులు ఉన్న నన్ను. ఆయన నవ్వి, ఛార్జరు వెతికి, దొరవారికి తగిలించాడు. చాలాసేపటికి తెర వెలిగింది. గుర్తు మీద పుల్లతో తాకమని అడుగుతోంది, అప్పుడే పెట్టెలోంచి తీసినట్టు. యజమాని పేరు తెలియదు, తేదీ తెలియదు. నన్ను తీసి వెనక తొడిగాడు. బొటనవేలు తనంతట తానే టేపు మీది గుంటలోకి వెళ్లింది.

“ఎవరు నువ్వు?” అన్నారు దొరవారు.

చెప్పాను. నా చిప్పుకు బ్యాటరీ అక్కర్లేదు.

కార్డు తెరుచుకుంది. 2002 డిసెంబరు తేదీతో చిన్న చీటీ ఒకటి. పాలు, డైపర్లు, కిటికీకి అతికించే టేపు. ఆ పిల్ల చదివి, “డైపర్లు నాకేనా?” అంది. ఆయన మాట్లాడలేదు. కార్డును నా నోట్లోంచి జాగ్రత్తగా లాగి చొక్కా జేబులో వేసుకున్నాడు. జేబు కిందికి వేలాడలేదు.

ఆ వారమే దొరవారిని పాత ఎలక్ట్రానిక్ సామాన్లు తీసుకునే చోట ఇచ్చేశారు. బ్యాటరీ ఉన్నదాన్ని ఇంట్లో ఉంచకూడదట. నన్ను ఏ డబ్బాలో వేయాలో తోచక, తిరిగి సొరుగులో పెట్టారు.

కొరికిన ముక్కలా ఉన్నా, వంగిన పిన్ను వంగినట్టే ఉన్నా, నా పేరు మాత్రం లోపల చెక్కుచెదరలేదు. దాన్ని అడిగే నోరు లోకంలో ఒకటే ఉండేది.