మధ్యలో షెల్ ఎందుకయ్యా?

మా రోజుల్లో సి ప్రోగ్రాంలోంచి ఇంకో ప్రోగ్రాం నడపాలంటే ముందు ఫోర్క్, చైల్డ్‌లో ఎగ్జెక్‌వీ, పేరెంట్‌లో వెయిట్‌పిడ్ రాసేవాళ్లం. ఆర్గ్యుమెంట్లు ఒక్కొక్కటే అర్రేలో పేర్చి, చివర నల్ పెట్టేవాళ్లం. చాకిరీయే, కాదనను. కానీ అవతలి ప్రోగ్రాంకి ఏం అందుతోందో కళ్లెదుట ఉండేది.

ఇప్పటి కుర్రాళ్లు ఒక్క లైన్‌లో తేల్చేస్తున్నారు. పైథాన్‌లో ఓ ఎఫ్-స్ట్రింగ్, అందులో యూజర్ ఇచ్చిన ఫైల్ పేరు, పక్కన షెల్=ట్రూ. అడిగితే ‘పనిచేస్తోంది కదండీ’ అంటారు. ఫైల్ పేరు ‘ఫొటో.జెపిజి’ అయినంతసేపూ చేస్తుంది. ఎవడో ‘ఫొటో.జెపిజి; ఆర్‌ఎం -ఆర్‌ఎఫ్ *’ అని పేరు పెట్టి పంపితే? యూనిక్స్‌లో స్లాష్, నల్ బైట్ తప్ప ఫైల్ పేరులో ఏదైనా చెల్లుతుంది. సెమీకోలన్ దగ్గర షెల్ మొదటి కమాండ్ ముగించి, మిగిలిందాన్ని కొత్త కమాండ్‌గా నడిపేస్తుంది. ఆ ఫోల్డర్ ఖాళీ! షెల్‌ని తప్పుపట్టి లాభం లేదు. మీరు రాసిందేదో, బయటివాడు దూర్చిందేదో దానికెలా తెలుస్తుంది?

అప్పుడు మాత్రం షెల్‌ని పిలిచే సిస్టమ్, పీఓపెన్ లేవా? ఉన్నాయి, కొంపలూ ముంచాయి. వెబ్ సర్వర్లతో పాటు వచ్చిన పీహెచ్ఎఫ్ అనే సీజీఐ ప్రోగ్రాం ప్రమాదకరమైన గుర్తులన్నీ వడగట్టి, న్యూలైన్‌ని వదిలేసింది. ఆ సందులోంచే దొంగలు దూరారు. 1996లో కంప్యూటర్ భద్రతా సంస్థ సెర్ట్ హెచ్చరిక జారీచేయాల్సి వచ్చింది. గుర్తులు వడగట్టే పద్ధతిని నమ్మకూడదని ఆ రోజే తేలిపోయింది.

నా బాధల్లా ఒకటే. మేం అంత చాకిరీతో తెచ్చుకున్న భద్రత మీకిప్పుడు ఒక్క లైన్‌లో దొరుకుతోంది. పైథాన్ 2.4తో 2004లోనే సబ్‌ప్రాసెస్ మాడ్యూల్ వచ్చింది. షెల్=ట్రూ తీసేసి, కమాండ్‌ని స్ట్రింగ్‌గా కాక లిస్ట్‌గా ఇవ్వండి, మధ్యలో షెల్ రాదు. పేరు ఎంత వంకరగా ఉన్నా ఒక్క ఆర్గ్యుమెంట్‌గానే వెళ్తుంది. పేరు మైనస్‌తో మొదలైతే అవతలి ప్రోగ్రాం ఆప్షన్ అనుకుంటుంది కాబట్టి, అది ఒప్పుకుంటే పేరుకి ముందు రెండు మైనస్‌లు విడి ఆర్గ్యుమెంట్‌గా పెట్టండి. టైమౌట్ ఇవ్వండి. చెక్=ట్రూ పెడితే ఫెయిలైన కమాండ్ గుట్టుగా జారిపోకుండా ఎక్సెప్షన్ వస్తుంది.

కోడ్ రివ్యూలో షెల్=ట్రూ కనబడితే ఆగండి. ఆ స్ట్రింగ్‌లో బయటివాడి అక్షరం ఒక్కటున్నా, లిస్ట్‌గా మార్చేదాకా మెర్జ్ చేయకండి.